పంచుకున్న తరంగాలు: ట్రంకు కాల్ నుంచి డిజిటల్ ట్రంక్డ్ రేడియో వరకు – జగదేవ్‌పూర్ ప్రాంత నేపథ్యం

వ్యాససంగ్రహం:

గ్రామీణ తెలంగాణలో దూరసంభాషణ చరిత్రను సాధారణంగా తీగల టెలిఫోనుతో మొదలుపెట్టి సెల్‌ఫోనుతో ముగిస్తాం. ఈ రెండింటి నడుమ, కొద్దిపాటి రేడియో మార్గాలను అనేక గ్రామాలు పంచుకున్న దశ ఒకటి ఉంది. ఆ దశకు ఆధారమైన ట్రంకింగ్ సూత్రమే నేటి డిజిటల్ ట్రంక్డ్ రేడియో వ్యవస్థలకూ పునాది. మార్గాలు తక్కువై, మాట్లాడవలసినవారు ఎక్కువైనప్పుడు ఎవరు ముందు మాట్లాడాలి, ఎవరు ఆగాలి అనే ప్రశ్నకు ట్రంకు కాల్, గ్రామీణ రేడియో టెలిఫోను, డిజిటల్ ట్రంక్డ్ రేడియో మూడు వేర్వేరు సమాధానాలు ఇచ్చాయి. సిద్దిపేట జిల్లా జగదేవ్‌పూర్ ప్రాంతాన్ని నేపథ్యంగా తీసుకొని ఆ సమాధానాలను, వాటి వెనుక యంత్రభాగాలు ఒకదానితో ఒకటి కలిసే తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ట్రంకింగ్, ట్రంకు కాల్, గ్రామీణ రేడియో టెలిఫోను, టెట్రా, ఎర్లాంగ్ సూత్రం, సంధిస్థానం, జగదేవ్‌పూర్.

1. ఉపోద్ఘాతం

2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగి సిద్దిపేట జిల్లా ఏర్పడేవరకు జగదేవ్‌పూర్ మండలం మెదక్ జిల్లాలో ఉండేది. ఆ జిల్లా కేంద్రమైన సంగారెడ్డి పడమటి దిక్కున ఉంటే, జగదేవ్‌పూర్ తూర్పు అంచున, నల్లగొండ జిల్లా పొలిమేరకు ఆనుకొని ఉండేది. పాలన ఒక కొసన, ప్రజలు మరొక కొసన ఉన్న ఇటువంటి ప్రాంతాల్లో కబురు అనేది ఎప్పుడూ ప్రయాణంతో ముడిపడిన విషయమే. ఊళ్లో చాటింపునకు డప్పు ఉంది. ఊరు దాటితే మనిషి నడవాలి, లేదా బస్సు ఎక్కాలి.

ఈ వ్యాసకర్త బాల్యం ఈ చుట్టుపక్కల ఒక చిన్న పల్లెలో గడిచింది. 1990లలో ఆ ఊరికంతటికీ ఒకటే ఫోను. ఫోను ఉన్న ఇంటి కప్పుమీద ఇనుప గొట్టం, దాని కొసన చేపముల్లు ఆకారంలో ఆంటెన్నా, పక్కన సౌరఫలకం ఉండేవి. రిసీవరు ఎత్తినవారు తరచుగా అనే మాట "లైను దొరుకుతలేదు". లైను తెగిందా అంటే, తెగడానికి అక్కడ తీగే లేదు. మా నాయనమ్మ చెల్లెలు పోయిన కబురు ఆ ఫోనుకు అందలేదు. మర్నాడు పొద్దున బస్సు దిగిన మనిషి నోట వచ్చింది. నాయనమ్మ చివరిచూపుకు నోచుకోలేదు. తీగ లేని ఫోనులో దొరకని ఆ 'లైను' ఏమిటన్న సందేహమే చాలా ఏళ్ల తర్వాత ఈ పరిశీలనకు దారితీసింది.

2. 'ట్రంకు' – ఒక మాట ప్రయాణం

ఆంగ్లంలో ట్రంకు అంటే చెట్టు మాను. మానునుంచి కొమ్మలు చీలినట్లు ప్రధాన మార్గంనుంచి ఉపమార్గాలు చీలుతాయన్న పోలికతో ఆ మాట రోడ్లకు, రైళ్లకు, టెలిఫోను తీగలకు పాకింది. తెలుగులోకి అది అనువాదం కాకుండానే వచ్చింది. పెళ్లికూతురి వెంట వెళ్లిన ట్రంకు పెట్టె, వరంగల్ మీదుగా ఢిల్లీ వెళ్లే గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్, తంతి తపాలా కార్యాలయంలో కాసుకొని కూర్చునే ట్రంకు కాల్ – మూడింటిలోనూ అదే మాట. అయితే తెలుగువారి వాడుకలో దానికి 'మాను' అనే అర్థం ఎన్నడూ స్ఫురించలేదు. ట్రంకు కాల్ అంటే దూరపు కాల్, అంతే. పంచుకోవడం అనే అసలు భావం మాటలో మరుగునపడింది.

ఆ భావాన్ని విప్పి చూడాలి. రెండు పట్టణాల మధ్య వెయ్యిమంది చందాదారులకు వెయ్యి తీగలు వేయరు. పది వేస్తారు. ఏ సమయంలోనైనా అందరూ ఒకేసారి మాట్లాడరన్నది ఇందులోని ధీమా. ఎవరికి అవసరమైతే వారికి ఖాళీగా ఉన్న తీగను ఇచ్చి, మాట ముగియగానే వెనక్కి తీసుకొంటారు. ఇదే ట్రంకింగ్. అందరికీ చెందినది, ఎవరికీ సొంతం కానిది. ఊరి ఉమ్మడి బావికి ఉన్న లక్షణమే దీనికీ ఉంది. బావి దగ్గర వరుస తప్పనట్లే ఇక్కడా వరుస తప్పదు.

ట్రంకు కాల్ కాలంలో ఆ వరుసను మనిషి నిర్ణయించేవారు. చందాదారు కాల్ బుక్ చేస్తే ఆపరేటరు వరుసలో రాసుకొని, తీగ ఖాళీ కాగానే కలిపేవారు. మామూలు, అర్జెంటు, లైట్నింగ్ అని తరగతులుండేవి. ఎక్కువ రుసుము కట్టినవారికి ముందు తీగ దక్కేది. అంటే 'ఎవరు ఆగాలి' అన్న ప్రశ్నకు తొలి సమాధానం డబ్బు. అందులో ఒక వెసులుబాటు కూడా ఉంది: ఆపరేటరు మనిషి గనక, గొంతులో కంగారు విని జాలిపడే అవకాశం ఉండేది. 1960 నవంబరులో లక్నో–కాన్పూర్ నగరాల మధ్య చందాదారే నేరుగా డయల్ చేసుకొనే ఎస్.టి.డి. సేవ దేశంలో మొదలైంది. అది విస్తరించేకొద్దీ ఆపరేటరు తెరమరుగయ్యారు. ఆ స్థానంలోకి యంత్రం వచ్చింది.

3. వినే రేడియో, మాట్లాడే రేడియో

హైదరాబాదు సంస్థానంలో రేడియో చరిత్ర అనగానే దక్కన్ రేడియో గుర్తుకువస్తుంది. 1933లో మహబూబ్ అలీ అనే తంతి తపాలా శాఖ అధికారి చిరాగ్ అలీ గల్లీలో 200 వాట్ల ట్రాన్స్‌మిటరుతో దానిని ఆరంభించారు. 1935లో నిజాం ప్రభుత్వం దానిని స్వాధీనం చేసుకొంది. 1939లో సరూర్‌నగర్‌లో 5 కిలోవాట్ల కేంద్రం వచ్చింది. 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగుబాటు వార్త ఈ రేడియో ద్వారానే జనానికి చేరింది. 1950 ఏప్రిల్ 1న అది ఆలిండియా రేడియోలో కలిసింది. ఈ చరిత్రకు తగినన్ని ఆధారాలున్నాయి గనక ఇక్కడ విస్తరించడం లేదు. కాని అది ఒకరు చెప్పగా ఊరంతా వినే రేడియో. బదులు పలకడానికి వీలున్న రేడియో చరిత్ర వేరే చోట, ప్రధానంగా పోలీసు శాఖలో సాగింది.

పోలీసు వైర్‌లెస్ సమన్వయానికి కేంద్రంలో 1946లోనే ఒక విభాగం ఏర్పడింది. తెలుగు ప్రాంతాల జిల్లా పోలీసు వ్యవస్థలో దశాబ్దాలపాటు వీహెచ్‌ఎఫ్ సెట్లే ఆధారం. తెలంగాణ వాడుకలో వైర్‌లెస్‌కు 'సెట్' అన్నదే పేరు. "సెట్ల చెప్పిండు" అంటే అది అధికారికమైన కబురు. ఈ సంప్రదాయ పద్ధతిలో ఒక్కో విభాగానికి ఒక్కో పౌనఃపున్యం కేటాయిస్తారు. ఎత్తైన చోట ఉన్న రిపీటరు, చేతిలోని సెట్టు పంపిన బలహీన సంకేతాన్ని అందుకొని బలంగా తిరిగి పంపుతుంది. ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవారు ఆగాలి. పక్క పౌనఃపున్యం గంటలతరబడి ఖాళీగా ఉన్నా దానిని వాడుకొనే దారి లేదు. ఉమ్మడి బావి కాకుండా ఇంటికొక బావి తవ్వుకొన్న పద్ధతి ఇది: ఒకరి బావిలో నీళ్లు నిలువ ఉంటాయి, మరొకరి బావి ఎండిపోతుంది.

4. పదిహేను ఊళ్లకు రెండు మార్గాలు

1980ల చివరినుంచి టెలికం శాఖ గ్రామాలకు ఫోను ఇవ్వడానికి ఎంచుకొన్న సాధనాల్లో ముఖ్యమైనది మల్టీ యాక్సెస్ రూరల్ రేడియో. దీనినే సంక్షిప్తంగా 'మార్' అనేవారు. 1994 జాతీయ టెలికం విధానం 1997 నాటికి దేశంలోని ప్రతి గ్రామానికీ ఫోను అందించాలని లక్ష్యంగా పెట్టుకొంది. అది నెరవేరక, 1999 విధానం గడువును 2002కు పొడిగించింది. దూరదూరంగా ఉన్న పల్లెలకు స్తంభాలు పాతి తీగ లాగడం ఖర్చుతో కూడిన పని గనక, ఈ లక్ష్యసాధనలో 'మార్' పరికరాలు పెద్ద ఎత్తున వాడుకలోకి వచ్చాయి.

దీని నిర్మాణం తెలిస్తేగాని 'లైను దొరకకపోవడం' అర్థం కాదు. టెలిఫోను ఎక్స్చేంజీ ఉన్న ఊళ్లో ఎత్తైన స్తంభం, దాని కింద మూల కేంద్రం ఉంటాయి. ఆ కేంద్రానికి ఒక పక్క ఎక్స్చేంజీనుంచి వచ్చే చందాదారుల తీగలు, మరొక పక్క రేడియో మార్గాలు. చుట్టుపక్కల పల్లెల్లో ఒక్కొక్క ఫోనుకు ఒక్కొక్క దూరస్థ యూనిట్, ఆంటెన్నా, బ్యాటరీ, దానిని నింపే సౌరఫలకం. ఎక్కువగా కనిపించిన నమూనాలు రెండు: 15 ఫోనులకు 2 రేడియో మార్గాలు, 32 ఫోనులకు 4 మార్గాలు. పల్లెలో రిసీవరు ఎత్తగానే అక్కడి యూనిట్ మార్గాలను వెతికి, ఖాళీగా ఉన్నదానిని పట్టుకొని, తన గుర్తింపు సంఖ్యను పంపుతుంది. మూల కేంద్రం ఆ సంఖ్యకు చెందిన తీగను ఆ మార్గానికి కలుపుతుంది. ఎక్స్చేంజీ దృష్టిలో అది మామూలు తీగ ఫోనే. నడుమ గాలి ఉందని దానికి తెలియదు. మాట్లాడిన పల్లెకూ తెలియదు. రెండు వైపులవారూ తీగ ఉందనే నమ్మకంతో మాట్లాడేవారు.

ఇక లెక్క. ఈ లెక్క వేసినవాడు డెన్మార్క్ గణితజ్ఞుడు ఆగ్నర్ క్రారూప్ ఎర్లాంగ్. కోపెన్‌హేగెన్ టెలిఫోను కంపెనీలో పనిచేస్తూ 1909లో తొలి వ్యాసాన్ని, 1917లో ప్రసిద్ధమైన సూత్రాన్ని ప్రకటించాడు. ఒక గ్రామ ఎక్స్చేంజీలో, బయటి ఊరికి మాట్లాడాలనుకొనేవారిలో ఎంతమంది నిరాశపడతారన్న ప్రశ్నతో అతడు మొదలుపెట్టాడని చెబుతారు. మన సమస్యా అదే. రద్దీ గంటలో ఒక్కో పల్లె ఫోనుమీద సగటున మూడు నిమిషాల మాట ఉంటుందనుకొందాం. 15 ఫోనులు, 2 మార్గాలు ఉన్న వ్యవస్థలో ఎర్లాంగ్ సూత్రం ప్రకారం నూటికి దాదాపు 14 ప్రయత్నాలు విఫలమవుతాయి. పండుగనాడో పెళ్లిళ్ల రోజుల్లోనో మాట ఆరు నిమిషాలకు పెరిగితే 31. రెండు మార్గాల్లో ఒకటి చెడి, మామూలు రోజే అయినా, నూటికి 43. ఫోనుల సంఖ్య పరిమితం గనక వాస్తవ విలువలు వీటికంటే కొంత తక్కువే ఉంటాయి, కాని తీరు మారదు.

ఈ సూత్రంలో పరిశోధకులు గమనించవలసిన మరొక విశేషం ఉంది. 32 ఫోనులను ఎనిమిదేసి చొప్పున విడదీసి, ఒక్కో గుంపునకు ఒక్కో మార్గం ఇస్తే, అదే రద్దీలో నూటికి 28, 29 ప్రయత్నాలు విఫలమవుతాయి. అవే నాలుగు మార్గాలను 32 ఫోనులకూ ఉమ్మడిగా ఉంచితే విఫలమయ్యేవి ఆరుకు లోపే. పరికరాలు అవే, మాటలు అవే; కలిపి ఉంచడం ఒక్కటే తేడా. పెద్ద ఉమ్మడిలో అందరికీ మేలు, చిన్న ఉమ్మడిలో అందరికీ ఇక్కట్లు. 15 ఫోనులకు 2 మార్గాల నమూనా ఆ చిన్న ఉమ్మడి. పైగా ఒకే స్తంభం కింద ఉన్న రెండు పల్లెలవారు ఒకరితో ఒకరు మాట్లాడుకొంటే చెరొక మార్గం పట్టి, ఆ ఒక్క సంభాషణతోనే రెండూ నిండిపోయేవి. మిగిలిన పదమూడు ఊళ్లు మూగపోయేవి. వారిలో ఎవరి ఇంట చావు కబురుందో యంత్రానికి తెలియదు. 'ఎవరు ఆగాలి' అన్న ప్రశ్నకు రెండో సమాధానం ఇది: అదృష్టం. ముందు ఎత్తినవారిదే మార్గం.

బ్యాటరీలు త్వరగా పాడవడం, సౌరఫలకాల దొంగతనాలు, విడిభాగాల కొరత ఈ వ్యవస్థను దేశమంతటా దెబ్బతీశాయి. అందులో ఎంత భాగం పరికరాలది, ఎంత భాగం నిర్వహణది అన్న చర్చ నాటి ప్రభుత్వ పత్రాల్లోనే నడిచింది. 2000 అక్టోబరు 1న బి.ఎస్.ఎన్.ఎల్. ఏర్పడింది. 2002లో ఆరంభమైన సార్వత్రిక సేవా నిధి తోడ్పాటుతో లక్షా ఎనభై వేలకు పైగా 'మార్' ఫోనులను మార్చే పని ఆ సంస్థ చేపట్టింది. చేపముల్లు ఆంటెన్నాలు కప్పులమీదనుంచి దిగిపోయాయి. ఆ వెంటనే సెల్‌ఫోను వచ్చింది. పాతదానిని గుర్తుంచుకొనే తీరిక ఎవరికీ లేకపోయింది. మన కథాసాహిత్యంలో ఎస్.టి.డి. బూత్ కనిపించినంతగా ఈ రేడియో ఫోను కనిపించదు. బూత్‌కు బోర్డు ఉంది, పసుపు రంగు ఉంది. దీనికి పేరు కూడా లేదు, ఊళ్లో దీనిని 'ఫోను' అనే అన్నారు.

5. డిజిటల్ ట్రంక్డ్ రేడియో: అంగాలు, సంధిస్థానాలు

పల్లెల్లో 'మార్' వెలసిల్లి వాడిపోతున్న కాలంలోనే అదే సూత్రం మరొక రూపంలో పరిణతి చెందింది. 1988లో బ్రిటన్‌లో వెలువడిన ఎం.పి.టి. 1327 ప్రమాణం ట్రంక్డ్ రేడియోకు ఒక క్రమాన్నిచ్చింది. 1990ల మధ్యలో ఐరోపా టెలికం ప్రమాణాల సంస్థ రూపొందించిన టెట్రా, అమెరికాలో ప్రజాభద్రతా సంస్థల చొరవతో వచ్చిన పి-25, తర్వాతి దశాబ్దంలో వచ్చిన డి.ఎం.ఆర్. డిజిటల్ తరానికి చెందినవి. మన దేశంలో ఢిల్లీ మెట్రో, 2010 కామన్వెల్త్ క్రీడల భద్రతా వ్యవస్థ టెట్రాను వాడిన ప్రసిద్ధ ఉదాహరణలు. మధ్యలో పోల్‌నెట్ అనే పోలీసు ఉపగ్రహ వ్యవస్థలో జిల్లా కేంద్రంనుంచి ఠాణాలకు బహుళ ప్రవేశ రేడియో టెలిఫోనులనే వాడారన్నది గమనార్హం. అది 'మార్'కు దగ్గరి చుట్టమే.

టెట్రా నమూనాను తీసుకొని భాగాలను చూద్దాం. ఒక వాహక తరంగం వెడల్పు 25 కిలోహెర్ట్‌జ్‌లు. దానిని కాలంలో నాలుగు గదులుగా విభజిస్తారు. ప్రధాన వాహకంలోని మొదటి గది నియంత్రణ మార్గం. ఇందులో మాట నడవదు, మాటకోసం అడగడం, ఇవ్వడం మాత్రమే నడుస్తాయి. సెట్టు బటన్ నొక్కగానే కోరిక నియంత్రణ మార్గంలో వెళ్తుంది. మూల కేంద్రం వెనుక ఉన్న స్విచ్చు సెట్టు గుర్తింపును, ఏ బృందానికి చెందినదో, ఎంత ప్రాధాన్యం ఉన్నదో చూసి ఒక గదిని కేటాయిస్తుంది. ఆ బృందంలోని సెట్లన్నీ తమంతట తామే ఆ గదికి మారతాయి. ఇదంతా సెకనులో మూడో వంతు కాలంలో జరిగిపోతుంది. 'మార్'లో దూరస్థ యూనిట్ స్వయంగా వెతుక్కొని పట్టుకొనేది. ఇక్కడ సెట్టు అడుగుతుంది, స్విచ్చు ఇస్తుంది. తేడా అంతా ఇక్కడే ఉంది. అడిగే పద్ధతి వచ్చింది గనకనే వరుస, ప్రాధాన్యం, ఆపద పిలుపు సాధ్యమయ్యాయి. ఆపద బటన్ నొక్కితే నడుస్తున్న మరొక సంభాషణను ఆపి అయినా మార్గం ఇవ్వవచ్చు.

భాగానికీ భాగానికీ నడుమ ఉండే కలయికను ఆంగ్లంలో ఇంటర్‌ఫేస్ అంటారు. దీనికి 'అంతర్ముఖం' వంటి అనువాదాలు అర్థాన్ని తారుమారు చేస్తాయి. తెలుగు వ్యాకరణం చదివినవారికి 'సంధి' అనే మాట సిద్ధంగా ఉంది: రెండు వర్ణాలు కలిసేచోట ఏది లోపించాలో, ఏది ఆదేశంగా రావాలో సూత్రం ముందే చెప్పి ఉంచుతుంది. రెండు యంత్రాలు కలిసేచోట కావలసిందీ అదే గనక ఇక్కడ 'సంధిస్థానం' అని వాడుతున్నాను. సెట్టుకూ మూల కేంద్రానికీ నడుమ గాలిలో ఉన్నది మొదటి సంధిస్థానం. మూల కేంద్రం అందని చోట సెట్టూ సెట్టూ నేరుగా మాట్లాడుకొనేది మరొకటి. సెట్టుకు కంప్యూటరు వంటి పరికరాన్ని తగిలించేది, నియంత్రణ గదిలోని డిస్పాచరు బల్లను స్విచ్చుకు కలిపేది, నిర్వహణ కేంద్రానికి సమాచారం ఇచ్చేది, బయటి టెలిఫోను వ్యవస్థకు ద్వారంగా నిలిచేది వేర్వేరు. చివరిది, ఒక వ్యవస్థను మరొక వ్యవస్థతో కలిపేది.

వీటిలో గాలిలోని సంధిస్థానానికి సూత్రాలు పక్కాగా ఉన్నాయి. ఒక సంస్థ చేసిన సెట్టు మరొక సంస్థ నెలకొల్పిన కేంద్రంతో మాట్లాడగలదు. కాని టెట్రాలో మూల కేంద్రానికీ స్విచ్చుకూ నడుమ ఉన్నదానిని ప్రమాణం నిర్దేశించలేదు. తయారీ సంస్థ ఇష్టానికి వదిలింది. ఫలితంగా ఒకసారి ఒక సంస్థ స్విచ్చు కొన్న ప్రభుత్వం, కేంద్రాలన్నీ అదే సంస్థవద్ద కొనాలి. ప్రజాధనంతో కొనే వ్యవస్థలో ఇది చిన్న విషయం కాదు. మూల కేంద్రం స్విచ్చుతో తెగిపోయినా తన పరిధిలోని సెట్లను తానే కలిపే ఏర్పాటు ఉండటం మాత్రం గ్రామీణ ప్రాంతాలకు మేలు చేసే గుణం. మూడో సమాధానం ఇలా రూపుకట్టింది: ఎవరు ఆగాలో ముందే రాసిపెట్టి ఉంటుంది. ఆ పట్టికను ఎవరు రాశారన్నది యంత్రం చెప్పదు. ట్రంకు కాల్‌లో రుసుము పట్టిక గోడమీద కనిపించేది. ప్రాధాన్యాల పట్టిక స్విచ్చులోపల ఉంటుంది.

6. పొలిమేరలో ఒక జాతర

ఈ అంగాలన్నీ ఒకచోట ఎలా పనిచేస్తాయో చూడటానికి జగదేవ్‌పూర్ మండలం తీగుల్ నర్సాపూర్‌లోని కొండపోచమ్మ జాతరను ఊహించుకోవచ్చు. సంక్రాంతినుంచి కొమురవెల్లి మల్లన్న జాతర సాగే కాలంలో, అక్కడి దర్శనం తర్వాత పోచమ్మను దర్శించుకోవడం భక్తుల ఆనవాయితీ. బోనాలతో, బండ్లతో జనం వస్తారు. భద్రతకు ఒక బృందం, వాహనాల రద్దీకి ఒకటి, వైద్యానికి ఒకటి కావాలి. సంప్రదాయ వీహెచ్‌ఎఫ్‌లో మూడింటికీ మూడు పౌనఃపున్యాలు కేటాయించాలి, లేదా అందరూ ఒకదానిలోనే ఒకరి మాటపై ఒకరు మాట్లాడాలి. ట్రంక్డ్ వ్యవస్థలో ఒక వాహకంలోని నాలుగు గదుల్లో ఒకటి నియంత్రణకు పోగా మూడు మిగులుతాయి. బృందాలు పదైనా పదిహేనైనా పెట్టుకోవచ్చు. ఏకకాలంలో మూడు సంభాషణలే నడుస్తాయి. నాలుగో బృందం వరుసలో నిలబడుతుంది, తప్పిపోయిన పిల్లవాడి కబురైతే వరుస దాటుతుంది. 'మార్'కు పనికివచ్చిన ఎర్లాంగే ఇక్కడా పనికివస్తాడు, కాకపోతే విఫలమయ్యేవారిని కాక వేచి ఉండేవారిని లెక్కించే మరో సూత్రంతో.

నేల తీరు ఇందుకు అనుకూలమైనదే. 15 టి.ఎం.సి.ల కొండపోచమ్మ సాగర్ జలాశయం 2020 మే 29న ప్రారంభమైంది. దాని పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 618 మీటర్లు. కాళేశ్వరం పథకంలో గోదావరి నీరు ఎక్కే అత్యున్నత స్థానం ఇదే. నీటిని ఇంత ఎత్తుకు ఎక్కించడం కష్టం. రేడియోకు మాత్రం ఎత్తు వరమే.

చిక్కు పొలిమేర దగ్గర వస్తుంది. 2016లో సిద్దిపేట జిల్లాకు పోలీసు కమిషనరేటు ఏర్పడింది. తూర్పున ఆనుకొని ఉన్న యాదాద్రి భువనగిరి జిల్లా అప్పుడు రాచకొండ కమిషనరేటు పరిధిలోకి వెళ్లింది. జాతరకు భువనగిరి వైపునుంచి వచ్చే బండి ఒక పోలీసు పరిధిలో బయలుదేరి మరొక పోలీసు పరిధిలో ఆగుతుంది. దారిలో ప్రమాదం జరిగితే రెండు వైపుల సెట్లూ ఒకదానితో ఒకటి మాట్లాడాలి. ప్రమాణాల్లో చివర పేర్కొన్న సంధిస్థానం, వ్యవస్థను వ్యవస్థతో కలిపేది, ఇక్కడే కావాలి. ఆచరణలో అన్నిటికంటే ఆలస్యంగా నిలదొక్కుకొన్నదీ అదే. నార్వే, స్వీడన్ దేశాలు తమ టెట్రా వ్యవస్థలను సరిహద్దు మీదుగా కలుపుకోగలిగింది 2010ల ద్వితీయార్ధంలోనే, అదీ ఏళ్ల తరబడి పరీక్షలు జరిపిన తర్వాత. తెలంగాణలో 2022 ఆగస్టు 4న బంజారాహిల్స్‌లో ప్రారంభమైన సమీకృత కమాండ్ కంట్రోల్ కేంద్రం వంటివి పై అంతస్తులో సమాచారాన్ని కలుపుతాయి. పొలిమేర రోడ్డుమీద నిలబడిన ఇద్దరు కానిస్టేబుళ్ల చేతిలోని సెట్లు నేరుగా కలవడం వేరే పని. అవి కలవనప్పుడు ఒకరు తమ నియంత్రణ గదికి చెబుతారు, ఆ గది రెండో గదికి ఫోను చేస్తుంది, రెండో గది తమ సెట్టుకు చెబుతుంది. నడుమ ఇద్దరు ఆపరేటర్లు మళ్లీ ప్రవేశిస్తారు, ట్రంకు కాల్ నాటి వలెనే.